పుస్తెలు అమ్మి ఎర కొనాలా?

ఎడిసన్ గాలం:
పుస్తెలు అమ్మి అయినా పులస తినాలన్నారు పెద్దలు. ఎర కొనమని మాత్రం ఎవరూ అనలేదు. న్యూజెర్సీలో స్ట్రైపర్ వేటకు (ఒంటి మీద నల్లచారలుండే స్ట్రైప్డ్ బాస్, పులసలాగే గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి నదికి ఎదురీదే చేప) దిగి నాకిది మూడో ఏడు. ఈ వసంతంలో రారిటన్ బే ఒడ్డుకు 11 సార్లు వెళ్ళాను. నిన్న రాత్రి రసీదులు ముందేసుకుని లెక్క కట్టాను. బ్లడ్‌వర్ములు (ఎరగా వేసే సముద్రపు పురుగులు) ఏడు డజన్లు, డజను 20 డాలర్ల చొప్పున 140. బతికున్న మలుగుపాములు (పాములా ఉండే చేపలు) 30, ఒక్కోటి 4 డాలర్లు, మొత్తం 120. వెరసి 260 డాలర్లు. ఇంటికి తెచ్చిన చేపలు రెండు.

మా ఆవిడ ఆ కాగితం చూసి ఏమీ అనలేదు. అదే భయంగా ఉంది. మా ఊళ్ళో కాలువ గట్టు తవ్వితే వానపాములు ఊరికే దొరికేవి. ఇక్కడ ఒక్క పురుగు 140 రూపాయల పైమాటే! బతికున్న ఎర నిజంగా అవసరమా, లేక ఇది దుకాణాల దోపిడీయా?

చెక్కచేప:
దోపిడీ అనను, అలవాటు అంటాను. ఏప్రిల్ నుంచి నవంబరు దాకా నా సంచిలో ఉండేవి ఎర బదులు వాడే బొమ్మలే: అర డజను రబ్బరు చేపలు, రెండు బక్‌టెయిళ్ళు (జింక తోక వెంట్రుకలు కట్టిన గాలాలు), ఒక చెక్క పాపర్ (నీటి మీద చప్పుడు చేస్తూ కదిలే చెక్కచేప). ఎర దుకాణం మెట్లెక్కి రెండేళ్ళయింది. పురుగులు చచ్చిపోతాయన్న బెంగ లేదు, కారులో కంపు లేదు.

కీపోర్ట్ కాకి:
చెక్కచేప గారూ, శాండీ హుక్ తీరంలో రాళ్ళ దగ్గర దారం తెగి ఎన్ని పోయాయో ఆ లెక్క కూడా రాయండి. కిందటి అక్టోబరులో మీ పక్కనే నిలబడ్డాను. 25 డాలర్ల చెక్కచేప మొదటి విసురుకే గంగార్పణం. ఆ డబ్బుకు ఆరు మలుగులు వచ్చేవి.

చెక్కచేప:
అది విసురు తప్పు కాదు, ముడి తప్పు. సరే, ఆ ఏడు అలా పోయినవి నాలుగు.

దుకాణం కుర్రాడు:
శని, ఆదివారాల్లో ఒక ఎర దుకాణంలో పనిచేస్తాను. పేరు అడగకండి. దోపిడీ అన్న మాట విని ఊరుకోలేకపోయాను.

ఈ బ్లడ్‌వర్ములు ఎక్కువగా మెయిన్ రాష్ట్రం నుంచి వస్తాయి. సముద్రం వెనక్కి తగ్గిన ఆ కాసేపట్లో బురదలోకి దిగి, నడుము వంచి, చేతి పారతో ఒక్కొక్కటే తవ్వి తీయాలి. యంత్రం లేదు. మళ్ళీ నీరు వచ్చేస్తే ఆ పూట కూలి అంతే. తీసినవాటిని సముద్రపు నాచులో చుట్టి చల్లగా ఇక్కడికి పంపాలి. దారిలో చచ్చినవి, మా ఫ్రిజ్‌లో చచ్చినవి నష్టం కిందే రాసుకోవాలి. బతికినవాటి ధరలో చచ్చినవాటి ధర కూడా ఉంటుంది. ఇక అది కరుస్తుంది కూడా. దాని నాలుగు కోరల్లో రాగి ఉంటుంది తెలుసా? డజను లెక్కపెట్టి ఇచ్చేటప్పటికి నా వేళ్ళకు తెలుసు.

మలుగుల సంగతి వేరు. అవి పుట్టేది ఎక్కడో అట్లాంటిక్‌లోని సర్గాసో సముద్రంలో. నదుల్లో పెరిగినవాటిని బుట్టలు పెట్టి పట్టి తెస్తారు. ఒక్క ప్రశ్న అన్నా: 30 కొన్నారు కదా, గాలానికి గుచ్చినవి ఎన్ని?

ఎడిసన్ గాలం:
పదహారు. మిగిలినవి బకెట్‌లోనే చచ్చాయి, తమ్ముడూ. నీళ్ళు నిండుగానే పోశాను.

దుకాణం కుర్రాడు:
నీళ్ళు పోయడమే తప్పు. కదలని నీళ్ళలో ఉన్న కాస్త ప్రాణవాయువూ పీల్చేసి ఊపిరాడక చస్తాయి. మలుగుకు తడి చాలు. పెట్టె అడుగున మంచు, దాని మీద తడిపిన గోనెసంచి, దాని మీద మలుగులు. కరిగిన నీరు కిందికి పోయే దారి ఉండాలి. చలికి మందగిస్తాయి, చేతికి కూడా లొంగుతాయి, లేకపోతే దారాన్ని ముడేసి పెడతాయి. మిగిలినవి మర్నాటికి కూడా పనికొస్తాయి. చచ్చినా పారేయకండి, ఫ్రీజర్‌లో పెట్టి తర్వాత వాడుకోవచ్చు. మీ 120 డాలర్లలో 56 పోయింది దుకాణానికి కాదు, బకెట్‌కు.

సముద్రపు ఆడపడుచు:
అసలు కొనడమెందుకు? మేము పడవలో వెళ్ళి బంకర్ చేపల (స్ట్రైపర్ ఇష్టంగా తినే చిన్న చేపలు) గుంపు కనబడగానే అక్కడే పట్టి, బతికుండగానే ఎరగా వేస్తాం. రూపాయి ఖర్చు లేదు. అవి ఆగకుండా ఈదుతూనే ఉండాలి కాబట్టి తొట్టి గుండ్రంగా ఉండాలి, మూలలుంటే ముక్కులు పగలగొట్టుకుంటాయి. మూడు కొనల గాలంతో లాగి పట్టుకున్న బంకర్‌ను అలాగే నీటిలో వదిలేసే పాత పద్ధతి మాత్రం 2021 నుంచి కుదరదు. ఎరతో స్ట్రైపర్‌ను పట్టాలంటే సర్కిల్ హుక్కే (కొన లోపలికి వంగి ఉండే గాలం) వాడాలి. పైకి తెచ్చి మార్చి వేయండి.

కీపోర్ట్ కాకి:
రూపాయి ఖర్చు లేదా? పడవకు పెట్రోలు మీ పుట్టింటివారు పోస్తున్నారా అక్కయ్యా?

సముద్రపు ఆడపడుచు:
ఆ లెక్క మా ఆయన చూసుకుంటారు. అందుకే నాకు రూపాయి ఖర్చు లేదు.

పాత పడవ:
బంకర్ ఊరికే దొరుకుతుందన్న ధీమా వద్దమ్మా. 2019లో హెర్రింగ్ అనే చిన్న చేప వేట కోటా బాగా కోసేశాక, లాబ్‌స్టర్ బోనుల్లో దాని బదులు ఎరగా కూడా బంకర్‌కే గిరాకీ పెరిగింది.

ఎడిసన్ గాలం గారి లెక్కలో నాకు నచ్చనిది మరొకటి. 260ని రెండుతో భాగించి చేప ధర 130 అనుకుంటే ఎప్పటికీ నష్టమే. 2023 నుంచి ఉంచుకోదగ్గది 28 నుంచి 31 అంగుళాల చేపే, అదీ రోజుకు ఒకటే. అంతకుముందు న్యూజెర్సీలో 38 దాకా ఉండేది. మూడు అంగుళాల సందులోంచి ఎన్ని చేపలు దూరతాయి? పట్టినవాటిలో ఎక్కువ భాగం వెనక్కే. 1980లలో ఈ చేప దాదాపు కనుమరుగైంది, మేరీలాండ్‌లో 1985 నుంచి 1990 దాకా వేటే ఆపేశారు. ఇప్పుడు వదిలేసిన వందలో తొమ్మిది చస్తాయని అధికారుల లెక్క. అందుకే ఎర ధర కన్నా అది చేప కడుపులోకి దిగిందా, పెదవి మూల తగిలిందా అన్నదే నాకు ముఖ్యం. మలుగుకు సర్కిల్ హుక్ తగిలిస్తే ఎక్కువగా పెదవి మూలే పడుతుంది. చెక్కచేపకు వేలాడే ఆ మూడు కొనల గాలాలు రెండింటి మాటేమిటి?

చెక్కచేప:
వాటిని తీసేసి ఒంటి కొన గాలాలు పెట్టాను, చేప జారిపోకుండా పట్టే ముళ్ళు నొక్కేశాను. అందరూ పెట్టరని ఒప్పుకుంటాను.

ఇంకొకటీ ఒప్పుకుంటాను. ఏప్రిల్ మొదట్లో నీళ్ళు ఇంకా చల్లగా ఉండి, చేప బురద పట్టునే మెల్లగా తిరిగేటప్పుడు నా రబ్బరు చేపలకు ఒక్కటీ తగలలేదు. పక్కన పురుగు వేసిన పెద్దమనిషికి మూడు పడ్డాయి. మే నెలలో బంకర్ వచ్చాక ఆ పురుగు కొనడం దండగ.

ఎడిసన్ గాలం:
నా ఏడు డజన్లలో మేలో కొన్నవి నాలుగు. అంటే అక్కడ ఇంకో 80 డాలర్లు. బకెట్‌లో పోయిన 56తో కలిపితే... మా ఆవిడకు ఈ చర్చ చూపించను.

శనివారం మళ్ళీ వెళ్తున్నాను, చీకటి పడ్డాక. మలుగులు నాలుగే కొంటాను. కాకి అన్నా, వస్తే చెరి రెండు. గోనెసంచి దొరికింది, బియ్యం సంచి ఖాళీ అయింది.

కీపోర్ట్ కాకి:
వస్తాను. మంచు నేను తెస్తాను. బకెట్ మాత్రం ఇంట్లోనే వదిలేసి రా.