మద్రాసులో చనిపోయిన స్కాట్లాండ్ ఇంజన్ డ్రైవరు: పుట్టిన ఊరు పట్టుకోవడం ఎలా?

పెరంబూరు వాసి:
మాకు తెలిసిన ఒక ఆంగ్లో-ఇండియన్ కుటుంబం తరఫున అడుగుతున్నాను. చెన్నైలో ఉన్న వాళ్ల పూర్వీకుడి సమాధి రాయి మీద తెలిసేది ఇంతే: ఇంటిపేరు మెకంజీ, మద్రాస్ రైల్వేలో ఇంజన్ డ్రైవరు, స్వస్థలం రాస్‌షైర్ (స్కాట్లాండ్‌లో ఒక జిల్లా), 1868 మార్చిలో మరణం, వయసు 41. అన్న ఒకాయన మెల్‌బోర్న్ వెళ్లాడని ఇంట్లో చెప్పుకుంటారు. స్కాట్లాండ్ ప్రభుత్వ పాత నమోదుల సైటు స్కాట్లాండ్స్‌పీపుల్‌లో 1826-27కి వెతికితే అదే పేరుతో రాస్‌షైర్‌లో పదకొండు బాప్తిస్మాలు వచ్చాయి. ఒక్కో పేజీ బొమ్మకి 6 క్రెడిట్లు, అంటే ఒకటిన్నర పౌండు. అన్నీ కొనాల్సిందేనా? ఆయన ఎక్కిన ఓడ జాబితా ఎక్కడైనా దొరుకుతుందా?

పాతకాగితం:
ఇప్పుడే ఏదీ కొనకండి. ఆ పదకొండింటికీ తల్లిదండ్రుల పేర్లు ఉచిత జాబితాలోనే కనిపిస్తాయి, అవి రాసిపెట్టుకోండి చాలు. మీకు ముందు కావాల్సింది ఆయన తండ్రి పేరు. అది స్కాట్లాండ్‌లో కాదు, మద్రాసు కాగితాల్లో ఉంటుంది.

ఇక్కడి చర్చిల్లో జరిగిన బాప్తిస్మం, పెళ్లి, ఖననం వివరాల నకళ్లు ఏటేటా లండన్‌కి వెళ్లేవి. ఇప్పుడవి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. మద్రాసువి ఎన్/2 వరుస. ఫిబిస్ (బ్రిటిష్ ఇండియా కుటుంబాల చరిత్ర సంఘం) సైట్లో పేరు వెతకడం ఉచితం, అసలు పేజీ ఫైండ్‌మైపాస్ట్‌లో చందా కట్టి చూడొచ్చు. పెళ్లి ఇక్కడే జరిగుంటే మీ పంట పండినట్టే. 1850ల తర్వాతి పెళ్లి నమోదుల్లో వరుడి తండ్రి పేరు రాసేవారు. ఖననం నమోదు కూడా తీయండి. రాతి మీద 41 అని చదివింది 47 కావచ్చు, అప్పుడు మీ పదకొండూ తప్పే.

స్కాట్లాండ్ వాడు కదా అని ఎగ్మూరు కిర్క్ (స్కాట్లాండ్ చర్చి) ఒక్కటే చూసి వదిలేయకండి. 1843లో స్కాట్లాండ్ చర్చి రెండుగా చీలింది. మద్రాసులో మిషనరీ జాన్ ఆండర్సన్, ఆయన తోటివాళ్లు విడిపోయిన ఫ్రీ చర్చి వైపు వెళ్లారు. ఆండర్సన్ 1837లో పెట్టిన బడే తర్వాత మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ అయింది. హైలాండ్స్ (ఉత్తర స్కాట్లాండ్ కొండసీమ, రాస్‌షైర్ అందులోదే) వాళ్లలో ఫ్రీ చర్చి బలం ఎక్కువ. దగ్గర్లో వేరే చర్చి లేక ఆంగ్లికన్ చర్చిలో పెళ్లాడినవాళ్లూ ఉన్నారు.

ఇక ఓడ సంగతి. బ్రిటన్ నుంచి బయల్దేరినవాళ్ల జాబితాలు 1890 నుంచే వరుసగా మిగిలాయి. ఆ ఆశ వదిలేయండి.

లాంతరు:
పైన చెప్పినదానికి ఒకటి కలుపుతాను. రాస్‌షైర్ వాడని రాస్‌షైర్‌లోనే వెతికితే దొరక్కపోవచ్చు. అక్కడి డింగ్‌వాల్ పట్నానికి రైలు వచ్చిందే 1862లో. మద్రాసులో మొదటి లైను, రాయపురం నుంచి ఆర్కాటు వైపుది, 1856లో మొదలైంది. ఆయన 1850ల్లో డ్రైవరుగా వచ్చుంటే పని నేర్చింది దక్షిణాన గ్లాస్గో వైపే అయ్యుండాలి. అందుకని 1851 జనగణనలో గ్లాస్గో ఉన్న లానార్క్‌షైర్ జిల్లా పెట్టి, వయసు 23 నుంచి 25, పుట్టిన చోటు రాస్‌షైర్ ఉన్నవాళ్లను చూడండి. 1851 జనగణనలో పుట్టిన పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ఊళ్లు) పేరు రాసేవారు. మీకు కావాల్సింది అదే. 1841లో ఆ జిల్లాలోనే పుట్టాడా కాదా అనే వరకే ఉంటుంది. పైగా 15 దాటినవాళ్ల వయసు కిందికి అయిదు గుణిజానికి దింపేవారు, 19 ఏళ్లవాడు 15 అయిపోతాడు.

ఇంటిపేరు టైపు చేసేటప్పుడు ఎం తర్వాత నక్షత్రం గుర్తు పెట్టి కెంజీ రాయండి. మ్యాక్, మెక్, ఎం పక్కన కామాలాంటి గుర్తు, ఈ మూడు రూపాలూ ఒకేసారి వస్తాయి. డొనాల్డ్‌ని డేనియల్ అనీ, జానెట్‌ని జెస్సీ అనీ రాయడం మామూలే.

రాస్‌షైర్ అంటే లూయిస్ దీవి కూడా. మన ఊళ్ల చరిత్రలు, అదే కైఫియత్తులు, సేకరించిన మెకంజీ దొర ఊరు స్టోర్నోవే అక్కడే ఉంది. అలాగని చుట్టరికం కలిపేయకండి. మన ఇంటిపేరూ గోత్రంలా కాదు, పెద్ద భూస్వామి పేరే కౌలుదార్లూ పెట్టుకున్న ఊళ్లున్నాయి. ఇంకో చిక్కు: 1889 దాకా క్రోమార్టీషైర్ వేరే జిల్లా, రాస్‌షైర్ మధ్యమధ్యలో ముక్కలుగా ఉండేది. ఉల్లాపూల్ వాడు రెండింట్లో ఏదైనా చెప్పుకోవచ్చు.

పెరంబూరు వాసి:
ధన్యవాదాలండి. ఎన్/2లో 1859 పెళ్లి దొరికింది, తండ్రి పేరు కెన్నెత్. పదకొండులో ఇద్దరు మిగిలారు, ఇద్దరి తండ్రులూ కెన్నెత్‌లే! పారిష్‌లు వేరు. ఇప్పుడు?

పాతకాగితం:
ఒకణ్ణి కొట్టేయడానికి ప్రయత్నించండి. 1861, 1871 జనగణనల్లో స్కాట్లాండ్‌లోనే కనిపిస్తే వాడు మీవాడు కాదు.

మద్రాసులో పుట్టిన ఆయన పిల్లల పేర్లను ఆ రెండు కుటుంబాలతో పోల్చండి. స్కాట్లాండ్ వాళ్ల ఆనవాయితీలో పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు. పెద్దమ్మాయికి తల్లి తల్లి పేరు, రెండో అమ్మాయికి తండ్రి తల్లి పేరు. మద్రాసులో పుట్టిన రెండో కూతురి పేరు ఇద్దరు కెన్నెత్‌ల భార్యల్లో ఎవరితో కలుస్తుందో చూడండి. ఇది సాక్ష్యం కాదు, మొగ్గు మాత్రమే.

మూడో అన్న:
అందరూ మెల్‌బోర్న్ అన్నను మర్చిపోయారు. నా ఓటు ఆయనకే. విక్టోరియాలో 1853 నుంచి ప్రభుత్వ నమోదు ఉంది. అక్కడి మరణపత్రంలో తండ్రి పేరు, తల్లి పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన చోటు, ఆ దేశంలో ఎన్నేళ్లున్నాడన్నది కూడా అడిగేవారు. ఆ ఏళ్లు వెనక్కి లెక్కేస్తే ఓడ ఏడాది వస్తుంది. విక్టోరియా ప్రభుత్వ ఆర్కైవ్స్‌లో సర్కారు ఖర్చుతో వచ్చినవాళ్ల సూచిక 1839 నుంచి 1871 దాకా ఉచితం. హైలాండ్స్‌లో బంగాళాదుంప పంటకి తెగులు పట్టాక 1852-57 మధ్య హైలాండ్ అండ్ ఐలాండ్ ఎమిగ్రేషన్ సొసైటీ దాదాపు 5,000 మందిని ఆస్ట్రేలియా పంపింది. ఆ జాబితాలో పేరు, వయసు, ఊరు, ఓడ ఉంటాయి.

మరణపత్రంలోని తల్లి పుట్టింటి పేరును మీ ఇద్దరిలో ఒకరి బాప్తిస్మంతో కలపండి. ఆ తర్వాత ఆ ఒక్క బొమ్మే కొనండి. రెండోది కొనాలంటే తండ్రి కెన్నెత్ మరణం కొనండి. ఆయన 1855 తర్వాత పోయుంటే అందులో ఆయన తల్లిదండ్రుల పేర్లూ ఉంటాయి, ఒక్క దెబ్బకి 1700ల్లోకి వెళ్తారు. మరణం నమోదు చేయించినవాడు పక్కింటివాడైతే మాత్రం ఆ గడి ఖాళీగా ఉండొచ్చు, సంతకం ఎవరిదో ముందు చూడండి.

లాంతరు:
సమాధి రాతి మీద సుద్ద, పిండి రుద్దకండి, అక్షరాలు పాడవుతాయి. సాయంత్రం నాలుగు దాటాక వెళ్లి, పక్కనుంచి అద్దంతో వెలుగు వాల్చి ఫోటో తీయండి. 41ఓ 47ఓ తేలుతుంది.