ఒకే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లి ఫోటోలు తీస్తే లాభం ఉంటుందా?

ప్రశ్న:
రెండేళ్లుగా ల్యాండ్‌స్కేప్ ఫోటోలు తీస్తున్నాను. మా ఇంటికి దగ్గర్లో ఒక చెరువు, దాని వెనక చిన్న కొండ ఉన్నాయి. నలభైసార్లు వెళ్లుంటాను, అన్నీ సూర్యోదయానికే. ఈమధ్య అక్కడికి వెళ్లినా కెమెరా బయటికి తీయబుద్ధి కావడం లేదు, ఏ ఫోటో వస్తుందో ముందే తెలిసిపోయినట్టు ఉంటోంది. డబ్బులు దాచుకుని కొత్త చోట్లకి వెళ్లడం మేలా, లేక ఇక్కడే ఇంకా తీయాలా?

జవాబు 1:
నలభైసార్లు ఏ నెలల్లో వెళ్లారో చూసుకోండి. భూమధ్యరేఖ దగ్గరే జూన్‌కీ డిసెంబర్‌కీ మధ్య సూర్యుడు ఉదయించే చోటు దాదాపు 47 డిగ్రీలు జరుగుతుంది, అక్కణ్ణించి ఉత్తరానికో దక్షిణానికో పోయేకొద్దీ ఇంకా ఎక్కువ. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో (అంటే పాత 35 ఎంఎం ఫిల్మ్ అంత సెన్సర్ ఉన్నదాంట్లో) 35 ఎంఎం లెన్స్‌కి కనిపించే వెడల్పే సుమారు 54 డిగ్రీలు, అంటే సూర్యుడు మీ ఫ్రేమ్‌లో ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వెళ్తాడన్నమాట. పొగమంచు సంగతీ అంతే. ముందు రోజు వాన పడి, రాత్రి మబ్బులు విడిపోయి, గాలి ఆగిపోతే తెల్లవారేసరికి నీళ్ల మీద మంచు పట్టే అవకాశం ఎక్కువ. అలాంటి రోజు ఎక్కడ నిలబడాలో ముందే తెలిసినవాళ్లకే ఫోటో దక్కుతుంది, ఎందుకంటే ఆ వెలుగు ఉండేది కొద్ది నిమిషాలే. కొత్త చోట ఆ కాస్త సమయం దారి వెతుక్కోవడానికే పోతుంది, నాకు చాలాసార్లు అలాగే పోయింది.

జవాబు 2:
పైన చెప్పింది నిజమే, కానీ అలవాటు కూడా ప్రమాదమే. నేను ఒక వాగు దగ్గర మూడేళ్లు ట్రైపాడ్‌ని అదే బండ మీద పెట్టాను. ఒకరోజు వైడ్ లెన్స్ ఇంట్లో మర్చిపోయి, దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపించే 200 ఎంఎం లెన్స్ ఒక్కదానితోనే తీయాల్సి వచ్చింది. అవతలి గట్టు మీద వేర్లు, వాటి మధ్య నీటి మెరుపు అప్పుడే మొదటిసారి చూశాను. ఇప్పుడు కావాలనే ఒక్క లెన్స్‌తోనే వెళ్తున్నాను. కొత్త చోటికీ వెళ్లండి, తప్పేం లేదు, తిరిగొచ్చాక పాత చోటు మీద చూపు మారుతుంది.

జవాబు 3:
అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ 1929లో కాలిఫోర్నియాలోని కార్మెల్‌కి వచ్చాక, పక్కనే ఉన్న పాయింట్ లోబోస్ అనే రాతి సముద్రతీరాన్ని ఏళ్ల తరబడి తీశాడు. 1948లో ఆయన తీసిన చివరి ఫోటో కూడా అక్కడిదే. మొదట్లో రాళ్లు, వేర్లు దగ్గరగా తీసినవాడు తర్వాత్తర్వాత తీరాన్నంతా దూరం నుంచి తీశాడు. ఆ ఫోటోలు వరసగా పెట్టుకుని చూడండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థాంక్సండీ. పాత ఫోటోల తేదీలు చూశాను. జూన్‌లో వెళ్లింది రెండేసార్లు, మిగతావన్నీ నవంబర్, జనవరి మధ్యే! జూన్‌లో సూర్యుడు కొండకి ఎడమ పక్క చెట్ల వెనక నుంచి వచ్చాడు, చలికాలంలో కుడి పక్క నుంచి. అంటే మార్చిలో కొండ మీదుగానే రావాలి కదా, అది నేను ఒక్కసారీ చూడలేదు.