అక్షౌహిణి: ఔత్వం ఎందుకు, లెక్క ఎలా

మొన్న ఇక్కడ ఒకరు భారతంలో సైన్యాన్ని లెక్కించే కొలతను ‘అక్షోహిణి’ అని రాస్తే ఇంకొకరు ఔత్వం పెట్టమని దిద్దారు. రాసినాయన ఊరుకోలేదు. “అక్ష + ఊహిని. అ మీద ఊ వస్తే ఓ కదండీ, గుణసంధి” అన్నారు. ప్రశ్న సబబైనదే. నవ + ఊఢ నవోఢ అయింది కదా! కానీ ఈ మాట కోసం సంస్కృత వ్యాకర్త కాత్యాయనుడు ప్రత్యేకంగా ఒక వార్తికం (పాణిని సూత్రానికి చేర్పు) చెప్పాడు: అక్ష మీద ఊహిని వస్తే వృద్ధి, అంటే ఔ. ప్ర + ఊఢ ప్రౌఢ అయినట్టే ఇదీను. ఔత్వమే ఉంచండి.

నాకు మాటకన్నా లెక్క ముచ్చటగా ఉంటుంది. మొదలు ‘పత్తి’ (దూది కాదండోయ్!): ఒక రథం, ఒక ఏనుగు, మూడు గుర్రాలు, అయిదుగురు కాల్బలం. మొత్తం 10. మూడు పత్తులు ఒక సేనాముఖం, మూడు సేనాముఖాలు ఒక గుల్మం. అలాగే మూడేసి రెట్లు పెంచుకుంటూ గణం, వాహిని, పృతన, చమువు, అనీకిని. మనం ఎడాపెడా వాడేసే ‘వాహిని’కి ఇక్కడ కచ్చితమైన కొలత ఉంది: 81 పత్తులు, అన్నీ కలిపి 810. ఏడుసార్లు మూడింతలు చేస్తే 2187 పత్తులు, అది అనీకిని. అక్కడ మాత్రం మూడు వదిలేసి పదితో హెచ్చవేశారు. పది అనీకినులు ఒక అక్షౌహిణి.

అంటే రథాలు 21,870, ఏనుగులు 21,870, గుర్రాలు 65,610, కాల్బలం 1,09,350. మొత్తం 2,18,700.

— మాస్టారూ, వీటిలో దేని అంకెలు కూడినా 18 వస్తుంది! పద్దెనిమిది పర్వాలు, పద్దెనిమిది రోజులు, పద్దెనిమిది అక్షౌహిణులు. వాట్సాప్‌లో చూసి ఒళ్లు జలదరించింది.

— జలదరించక్కర్లేదు బాబూ. లోపల మూడు ఏడుసార్లు ఉంది కాబట్టి ప్రతి సంఖ్యా తొమ్మిదితో భాగింపబడుతుంది. అలాంటప్పుడు అంకెల మొత్తం 9, 18, 27... వీటిలో ఏదో ఒకటి కాక తప్పదు. కౌరవుల పదకొండు 24,05,700, పాండవుల ఏడు 15,30,900. వీటికీ 18 వస్తుంది, ఒప్పుకుంటాను. రెండూ కలపండి: 39,36,600. కూడి చూడండి, 27! అసలు పద్దెనిమిది అక్షౌహిణుల దగ్గరే మీ పద్దెనిమిది రాలేదు. ఆ ఫార్వర్డ్‌లో ఈ సంఖ్య ఉందేమో చూడండి.

— లేదండీ. అయితే అక్షౌహిణికి 2,18,700 మంది సైనికులన్నమాట.

— మంది కాదు! అందులో గుర్రాలూ ఏనుగులూ రథాలూ ఉన్నాయి. సారథి, మావటి, రౌతు ఆ లెక్కలో విడిగా లేరు. మనుషులుగా లెక్కపెట్టింది కాల్బలాన్నే, అంటే సరిగ్గా సగం.