మెస్ బకాయిలు కడదామా, ఆటలకీ నాటకాలకీ ఇద్దామా?

గోదారిగట్టు:
మాది గోదావరి జిల్లాల్లో ఒక పాత డిగ్రీ కాలేజీ, పేరు అనవసరం. 2009లో బయటికొచ్చిన మా బ్యాచ్‌లో నలభై మందిమి తలా ఇంత వేసుకుని ఏటా రెండున్నర లక్షల దాకా పోగేస్తున్నాం. ఆరేళ్లుగా ఆ డబ్బంతా హాస్టల్ పిల్లల మెస్ బకాయిలకే పోతోంది. స్కాలర్‌షిప్ పడటం లేటయితే "బకాయి కడితేనే హాల్ టికెట్" అంటారు చూడండి, ఆ పిల్లలకన్నమాట. ఈ ఏడు మా గ్రూపులో ఒకాయన కొత్త మాట ఎత్తాడు. సగం డబ్బు ఆటల పోటీలకి, నాటకాలకి, క్విజ్‌లకి వెళ్లే పేద పిల్లలకి ఇద్దామట. అప్పట్నుంచి గ్రూపులో గుడ్ మార్నింగ్‌లు కూడా ఆగిపోయాయి.

నా అభిప్రాయం దాచుకోను. నేనూ ఆ హాస్టల్ నీళ్ల సాంబారు తాగి పెరిగినవాణ్ణే. కడుపు సంగతి తేలకుండా కల్చరల్ ప్రోగ్రాముకి డ్రస్సు కొనిపెట్టడం నాకు మింగుడుపడట్లేదు. మీరేమంటారు?

మెస్‌నంబర్4:
అన్నా, నూటికి నూరుపాళ్లు మీ మాటే. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చిన దగ్గర్నుంచి ప్రభుత్వాలు మారాయి, పథకాల పేర్లు మారాయి, డబ్బు లేటుగా రావడం ఒక్కటే మారలేదు. 2020లో వసతి దీవెన అని డిగ్రీ వాళ్లకి ఏడాదికి 20,000 రెండు విడతల్లో తల్లి ఖాతాలో వేయడం మొదలుపెట్టారు, బాగానే ఉండేది, కానీ ఆ ఖాతాలో పడ్డది పాత అప్పుకి పోకుండా మెస్ దాకా వస్తుందని గ్యారంటీ ఏముండేది? మా రూమ్మేట్ సెమిస్టర్ పరీక్ష ముందు రోజు ఊరెళ్లి, మేకని అమ్మిన డబ్బు నాలుగు వేలు పట్టుకుని తెల్లారి బస్సుకి వచ్చాడు. పరీక్ష హాల్లో కునుకు తీశాడు. ముందు ఇది తేల్చండి, ఫెస్టులు తర్వాత.

పీడీగా22ఏళ్లు:
గవర్నమెంటు డిగ్రీ కాలేజీల్లో ఫిజికల్ డైరెక్టర్‌గా చేస్తున్నాను. మీరిద్దరూ దీన్ని తిండికీ సరదాకీ మధ్య పోటీ అనుకుంటున్నారు. సరదా అని ఎవరు చెప్పారు? యూనివర్సిటీ జట్టులో ఇంటర్ యూనివర్సిటీ టోర్నమెంటు ఆడినవాడికి ఫారం-3 అని ఒక కాగితం వస్తుంది, అది ఉంటే కేంద్ర ప్రభుత్వ స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి అర్హత. ఎన్‌సీసీ 'సి' సర్టిఫికెట్ మంచి గ్రేడుతో ఉంటే ఆర్మీ ఆఫీసర్ సెలక్షన్లో రాతపరీక్ష లేకుండా నేరుగా ఇంటర్వ్యూకి పిలిచే స్పెషల్ ఎంట్రీ ఉంది. పేదింటి పిల్లాడికి ఇంతకన్నా దగ్గరి దారి డిగ్రీ కాలేజీలో ఇంకేముందో మీరే చెప్పండి.

మూడేళ్ల కిందటి సంగతి. మా కబడ్డీ రైడర్ ఒకడు యూనివర్సిటీ సెలక్షన్లకి రానన్నాడు. ఏమిట్రా అంటే కాలు బెణికిందన్నాడు. మర్నాడు పొద్దున చూస్తే గ్రౌండు చుట్టూ వట్టికాళ్లతో పరుగు, బెణుకూ లేదు ఏమీ లేదు. పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే అప్పుడు కక్కాడు. సెలక్షన్లు వేరే ఊళ్లో, రానుపోను ఛార్జీలు, రెండు రోజుల తిండి, మ్యాట్ మీద ఆడాలంటే షూ, అన్నీ కలిపి రెండు వేల చిల్లర. టీఏ డీఏ (దారి ఖర్చు, తిండి ఖర్చు) వస్తుంది కదరా అన్నాను. "అది తర్వాతొస్తుంది కదా సార్" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నేను ఆ ముందేడాది పెట్టిన బిల్లే అప్పటికి పాస్ కాలేదు.

జ్యోతి ఎర్రాజీ పేరు మీ అందరికీ తెలుసు. వైజాగ్ అమ్మాయి, నాన్న సెక్యూరిటీ గార్డు. 2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిద్రిలో జరిగిన యూనివర్సిటీల మీట్‌లో నాగార్జున యూనివర్సిటీ తరఫున 100 మీటర్ల హర్డిల్స్ 13.03 సెకన్లలో పరిగెత్తింది. డోప్ టెస్టు లాంటి ఏర్పాట్లు లేవని అది రికార్డుగా లెక్కలోకి రాలేదు. 2022లో సైప్రస్‌లో 13.23 చేసి, ఇరవై ఏళ్లుగా అనురాధ బిస్వాల్ పేరు మీదున్న జాతీయ రికార్డు 13.38ని దాటింది. ఆ మధ్యమెట్టు ఏంటో చూశారా? యూనివర్సిటీ మీట్. ఆ మెట్టు దగ్గరే మనవాళ్లు రెండు వేలు లేక ఆగిపోతున్నారు.

గోదారిగట్టు:
సార్, మీ అనుభవానికి దండం. కానీ జ్యోతి ఎర్రాజీ కోటికొకరు. మెస్ బకాయి మాత్రం మా హాస్టల్లో ప్రతి మూడో గదిలో ఉంది. ఉన్న డబ్బు కొంచెమైనప్పుడు ఎక్కువమందికి తగిలేలా ఇవ్వడం తప్పా?

చార్మినార్‌చాయ్:
అన్నా, ఇదే లెక్క వేసుకుంటే 2014 మే 25న మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కేది కాదు. పద్నాలుగు నిండలేదు ఆ పిల్లకి, పక్కన ఆనంద్ కుమార్, ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. అప్పుడు గురుకులాల్లో బాత్రూములన్నీ తళతళలాడుతున్నాయా? అప్పటి గురుకులాల కార్యదర్శి ప్రవీణ్ కుమార్ గారు "ముందు బాత్రూములు, తర్వాత కొండలు" అని కూర్చుంటే రెండూ అయ్యేవి కావు.

మెస్‌నంబర్4:
ఇద్దరు ఎక్కారు. కింద ఉన్న వేలమందికి ఆ ఏడాది ఏం ఒరిగిందో చెప్పండి. ఫొటో బాగా వస్తుంది, ఒప్పుకుంటా.

ఆఖరిబస్సు:
ఇక్కడ మాట్లాడేవాళ్లలో ఇప్పుడు చదువుతున్నది నేనొక్కదాన్నే అనుకుంటా, బీఎస్సీ ఫైనలియర్. మా నాన్న తాపీపని కూలీ. పోయిన ఏడాది యువజనోత్సవాల ఏకాంకికకి నన్ను తీసుకున్నారు, ముసలమ్మ వేషం, పదకొండు డైలాగులు, ఇప్పటికీ ఒక్క అక్షరం మర్చిపోలేదు. రిహార్సల్ నాలుగున్నరకి మొదలు. మా ఊరికి ఆఖరి బస్సు ఆరూ పదికి. 2025 ఆగస్టు 15 నుంచి మాకు బస్సు ఫ్రీ, సంతోషమే, కానీ లేని బస్సు ఫ్రీ అయితే ఏంటి? ఆటోకి 150. నాలుగు రోజులు ఎలాగో లాగాను. ఐదో రోజు కాస్ట్యూమ్ అద్దెకి తలా 600 అన్నారు. అక్క నిశ్చితార్థం ఉందని అబద్ధం చెప్పి తప్పుకున్నాను. నా బదులు చేసిన అమ్మాయికి బహుమతి వచ్చింది, బాగా చేసింది కూడా, అదే ఇంకా బాధ.

మొన్న క్యాంపస్ సెలక్షన్లో "చదువు కాకుండా ఇంకేం చేశావమ్మా" అని అడిగారు. ఇంట్లో వంట, తమ్ముడికి లెక్కలు అని చెప్పాలనిపించింది. చెప్పలేదు.

గోదారిగట్టు గారూ, ఒక్క మాట. మెస్ బకాయికి డబ్బు కావాలంటే మేం నోరు తెరిచి అడుగుతాం, అది అందరి కష్టం. నాటకానికి కావాలని మాత్రం ఇంట్లోనే అడగలేం, మిమ్మల్నెలా అడుగుతాం? అందుకే మీకు ఆ లెక్క కనబడదు. ఇంకోటి, ఇచ్చేటప్పుడు స్టేజి మీదకి పిలిచి కవరు చేతిలో పెట్టి ఫొటో తీయకండి, మీకు పుణ్యం ఉంటుంది. మా సీనియర్ ఒకాయనది అలాంటి ఫొటో ఇంకా కాలేజీ పేజీలో తిరుగుతోంది.

డల్లాస్‌నుంచి:
ఇక్కడ చాలా యూనివర్సిటీల్లో అందరి ఫీజులోనే యాక్టివిటీ ఫీజు అని కలిసి ఉంటుంది, దాన్ని స్టూడెంట్ గవర్నమెంటే క్లబ్బులకి పంచుతుంది. దాతల మీద ఆధారపడటం తక్కువ. మనవాళ్లూ అలా పెట్టొచ్చు కదా.

ఆడిట్‌పేరా:
పెట్టొచ్చు ఏంటండీ, మన దగ్గర ఎప్పట్నుంచో ఉంది! స్పెషల్ ఫీజు అంటారు. మీ పాత అడ్మిషన్ రసీదు అటక మీద ఉంటే దించి చూడండి, గేమ్స్, మ్యాగజైన్, కాలేజ్ డే అని వరసగా రాసి ఉంటాయి. చిన్న మొత్తాలే, కానీ పేదవాడూ కట్టాడు, ఉన్నవాడూ కట్టాడు. పోటీకి వెళ్లగలిగేది మాత్రం ముందు చేతినుంచి పెట్టుకోగలిగినవాడే. అంటే ఉన్నవాడి ఆటకి లేనివాడు చందా ఇస్తున్నట్టే. నేను కాలేజీ లెక్కలు చూసినవాణ్ణి, మార్చి నెలాఖరున గేమ్స్ ఖాతాలో మిగిలిన డబ్బుతో షామియానాలు, శాలువాలు కొన్న ఓచర్లు ఈ కళ్లతో చూశాను. మీ రెండున్నర లక్షలు తీసేముందు ఆ ఖాతా సంగతి సమాచార హక్కు కింద అడగండి.

తమ్ముడురిటర్న్స్:
అసలు ప్రమాదం ఎవరూ చెప్పట్లేదు. "యాక్టివిటీస్"కి డబ్బిస్తాం అన్నామా, వారం తిరక్కుండా సర్టిఫికెట్ల దుకాణాలు వాలతాయి. డిగ్రీలో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశాక ఏమైంది? రెండు వేలు కొడితే రెండు నెలల ఇంటర్న్‌షిప్ చేసినట్టు కాగితం, సెల్‌ఫోన్‌కి వచ్చేస్తుంది. మా కజిన్ దగ్గర అలాంటివి మూడున్నాయి, వాడికి ఆ కంపెనీ ఏ ఊళ్లో ఉందో తెలియదు. ఇస్తే ఒంటికి చెమట పట్టే వాటికే ఇవ్వండి. వర్క్‌షాపు, వెబినార్ అన్న మాట వినబడితే పరిగెత్తండి.

ఆఖరిబస్సు:
నాటకానికీ చెమట పడుతుందండీ 🙂

గోదారిగట్టు:
రెండు రోజులుగా ఇవన్నీ చదువుతున్నా. "అది తర్వాతొస్తుంది కదా సార్" దగ్గర ఆగిపోయాను. మెస్ విషయంలో నేను గొడవపడేదీ అదే కదా, డబ్బు మంజూరవుతుంది, టైముకి రాదు. ఆ పోలిక నాకు ఇన్నాళ్లూ తట్టలేదు.

అయినా మెస్ డబ్బులో సగం కోయడానికి మాత్రం నేను ఒప్పుకోను. నలభై మందిమి తలా 1500 అదనంగా వేసుకుంటే 60,000 అవుతుంది, దాన్ని వేరే ఖాతాలో పెడదాం. బిల్లు తెచ్చాక ఇవ్వడం కాదు, బయల్దేరే ముందే చేతికి. వచ్చాక టికెట్టు ముక్క చూపిస్తే చాలు. ఫొటోలు లేవు. పీడీ సార్, మీలాంటివారి చేతికే ఇచ్చేస్తే సరిపోతుందా?

పీడీగా22ఏళ్లు:
వద్దండీ బాబూ, మాకు మాత్రం ఇవ్వొద్దు. నా కంటికి ఆనే పిల్లలంతా గ్రౌండులోనే ఉంటారు, ఈ అమ్మాయి నాకు కనబడేదే కాదు. హాస్టల్ వార్డెన్, ఒక తెలుగు లెక్చరరు, ఒక సీనియర్ విద్యార్థి, ముగ్గురినీ పెట్టండి. ఇద్దరు ఊఁ అంటే ఇచ్చేయండి, మూడో సంతకం కోసం తిప్పొద్దు.

ఆఖరిబస్సు:
సార్, ఆటో ఛార్జీలు కూడా ఇస్తారని రాయండి. రాయకపోతే ఎవరూ అడగరు.

మెస్‌నంబర్4:
నేను మారలేదు, మారను. కానీ నా 1500 రాసుకో అన్నా. డిసెంబర్లో ఒక్క పిల్లాడి హాల్ టికెట్ ఆగినా మళ్లీ ఇక్కడికే వచ్చి అడుగుతా.