అప్‌డేట్: మంచం కింద 500 కాపీలు, ఇప్పుడెన్ని?

పోయిన నవంబర్లో అడిగాను, గుర్తుందా? ఒక చిన్న ప్రచురణ సంస్థ నా తొలి కథల పుస్తకం వేసింది, 500 కాపీలు, ప్రచారానికి పైసా లేదు, ఏం చెయ్యమంటారు అని. ఆవిష్కరణ సభ పెట్టమని సగం మంది, వద్దని సగం మంది.

పెట్టాను. వద్దన్నవాళ్లే రైటు. హాలు, ఇడ్లీలు, శాలువాలు కలిపి పదకొండు వేలు, అమ్ముడైనవి ఆరు. మిగతావాళ్లు సంతకం పెట్టించుకుని ఊరికే పట్టుకెళ్లారు. ఈ శాలువాల ఆచారం ఎవరు పెట్టారో గానీ!

షాపులకిస్తే 150 రూపాయల పుస్తకంలో 40 శాతం కమిషన్, మనకి మిగిలేది 90. అదీ అమ్ముడయ్యాక. అడగడానికి నాకు మొహమాటం.

అసలు పనికొచ్చింది, 'ఒక కథ చదివి వాట్సాప్‌లో ఆడియో పెట్టు' అన్న సలహా. పెట్టాను, వెనక కుక్కర్ విజిల్‌తో సహా. ఎవరెవరికో ఫార్వర్డ్ అయి 70 కాపీలు ఫోన్‌పే మీద పోయాయి. మూలలు నలక్కుండా పాత పెళ్లిపత్రికలు రెండువైపులా పెట్టి ప్యాక్ చేస్తున్నాను.

జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో ఇంకో ఇద్దరితో కలిసి స్టాల్ తీసుకున్నాం. ఒకావిడ నిలబడే కథంతా చదివేసి, "మా అమ్మా చారులో ఇలాగే బెల్లం వేసేది" అని మూడు కాపీలు కొన్నారు.

మంచం కింద ఇంకా 280 ఉన్నాయి. డిసెంబర్లో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కి ఎవరైనా స్టాల్ పంచుకుంటారా?