డీఐడీ అని రాశారు, ఇంట్లో ఎట్లా నడుచుకోవాల?

పెన్నాగట్టు:
మా పిన్ని కూతురికి 24 ఏళ్లు. చిన్నప్పుడు లైంగిక వేధింపులు జరిగినయి. ఇప్పుడు డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్ (డీఐడీ, ఒకే మనిషిలో వేర్వేరు మనుషులున్నట్టు కనపడే జబ్బు) అని నెల్లూరులో డాక్టరు రాశారు. ఉన్నట్టుండి ఆరేళ్ల పిల్ల మాదిరి మాట్లాడుద్ది, తర్వాత ఏం గుర్తుండదు. పెద్దోళ్లు గాలి సోకిందని ఏఎస్ పేట దర్గాకు పోదామంటున్నారు. మాత్రలతో తగ్గుద్దా? ఆ గొంతు వచ్చినప్పుడు మేం ఏం చెయ్యాల?

ఒంగోలు కౌన్సెలర్:
డీఐడీకంటూ మాత్ర లేదు. దిగులుకో, ఆందోళనకో, నిద్రకో రాసుంటారు, వాటిని మీకు మీరుగా ఆపొద్దు. తలలో మాటలు వినపడతన్నాయనగానే స్కిజోఫ్రెనియా అనుకుని డోసు పెంచుకుంటా పోవడం తరచూ జరిగేదే. మూర్ఛలో కూడా ఇట్లా మధ్యలో మతి తప్పుద్ది కాబట్టి ఈఈజీ (తలకి తీగలు పెట్టి చేసే మెదడు పరీక్ష) సంగతి అడగండి.

అసలు వైద్యం మాటలతోనే. ముందు నిలకడ, తర్వాత పాత జ్ఞాపకాలు, ఆ తర్వాత లోపలి భాగాలు (ఆ ఆరేళ్ల పిల్ల లాంటివి) ఒకదానితో ఒకటి సర్దుకోవడం. నిలకడ రాకముందే జ్ఞాపకాలు తవ్వితే చేతులు కోసుకోవడం, చచ్చిపోవాలనిపించడం ఎక్కువైద్ది. హిప్నాటిజంతో అన్నీ బయటికి లాగుతామనే వాళ్ల జోలికి పోవద్దు, జరగనివి కూడా జరిగినట్టే తోస్తాయి. వారానికి ఒకటి రెండు సిట్టింగుల చొప్పున ఏళ్లు పట్టుద్ది.

సింగరకొండ:
ఆ గొంతు వచ్చినప్పుడు పట్టుకుని కుదపొద్దు, తలుపుకి అడ్డం నిలబడొద్దు. కాస్త దూరంగా కింద కూర్చుని మెల్లగా చెప్పండి: "నేను మీ అక్కని. ఇది మనిల్లు. నీకిప్పుడు ఇరవై నాలుగేళ్లు. ఇక్కడ నిన్నెవరూ ఏం చెయ్యరు." పాదాలు నేలకి ఆనించమనండి, చేతిలో ఐసుముక్క పెట్టండి, ఎదురుగా కనపడే అయిదు వస్తువుల పేర్లు చెప్పమనండి. కళ్లు మూసుకుని ధ్యానం చెయ్యమంటే కొందరికి ఇంకా ముదురుద్ది. లోపలున్న ఆ ఆరేళ్ల పిల్లని కావాలని పిలవొద్దు, వీడియో తీసి చుట్టాలకి చూపించొద్దు, "నటిస్తన్నావా" అనొద్దు. గుర్తులేని గంటలకి తేదీ వేసి రాసుకునే నోటుబుక్కు ఒకటి ఇవ్వండి, ఇంట్లో ఎవరూ దాన్ని తెరవకూడదు.

ఒంగోలు కౌన్సెలర్:
దర్గా గురించి: పూనకం రూపంలో కూడా డీఐడీ వస్తుందని 2013 నాటి డీఎస్ఎం-5లోనే (మానసిక జబ్బుల్ని గుర్తించడానికి డాక్టర్లు చూసే పుస్తకం) ఉంది. మొక్కు తీర్చుకోండి, తప్పేం లేదు. ఎక్కడికి పోయినా మందులు ఆగకూడదు, కొట్టడం ఉండకూడదు. గొలుసు వెయ్యడాన్ని 2017 మానసిక ఆరోగ్య చట్టం నిషేధించింది.

పెన్నాగట్టు:
చిన్నప్పుడు దాన్ని వేధించినోడు చుట్టమే. పండగలకి వస్తాడు.

సింగరకొండ:
అయితే ముందు అది ఆపండి. వాడు గడప తొక్కతా ఉంటే ఏ థెరపీ నిలవదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్లనీ వాడి దగ్గరికి పోనివ్వొద్దు, అనుమానమొస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి. రాత్రప్పుడు చచ్చిపోతాననే మాట వస్తే టెలీ మానస్ (సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416కి ఫోన్ చెయ్యండి, తెలుగులోనే మాట్లాడతారు.