పతకం వచ్చిన రోజున తప్ప అథ్లెటిక్స్‌ను మనవాళ్లు చూసేలా చేయడం ఎలా?

ప్రశ్న: బీచ్‌రోడ్ పరుగు, విశాఖపట్నం

2021 ఆగస్టు 7న టోక్యో ఒలింపిక్స్‌లో నీరజ్ చోప్రా రెండో ప్రయత్నంలో జావెలిన్‌ను (బల్లెం) 87.58 మీటర్లు విసిరినప్పుడు మా అపార్ట్‌మెంటులో అన్ని ఇళ్ల నుంచీ ఒకేసారి కేకలు వినిపించాయి. 2024లో పారిస్ ఫైనల్ మనకు అర్ధరాత్రి వేళ వచ్చినా, పాకిస్థాన్ ఆటగాడు అర్షద్ నదీమ్ 92.97 మీటర్లు విసిరాక నీరజ్ ఏం చేస్తాడోనని చాలా ఇళ్లలో లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. కాబట్టి మనవాళ్లకు ఈ పోటీలు చూసే మనసే లేదంటే నేను ఒప్పుకోలేను.

అయితే 2025 మే నెలలో దక్షిణ కొరియాలోని గుమిలో మా ఊరి అమ్మాయి జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్‌ను (అడ్డంకులు దాటే పరుగు) 12.96 సెకన్లలో ముగించి వరుసగా రెండోసారి ఆసియా ఛాంపియన్ అయింది. మర్నాడు ఉదయం బీచ్‌రోడ్డులో నాతోపాటు రోజూ నడిచేవాళ్లను అడిగితే ఆ సంగతి ఒక్కరికీ తెలియదు. వాళ్లంతా ఆటలంటే ఇష్టం ఉన్నవాళ్లే. ఐపీఎల్‌లో ఏ జట్టుకు ఎన్ని పాయింట్లున్నాయో వేళ్లమీద లెక్కపెట్టి చెబుతారు.

మా బావగారి సంగతే తీసుకోండి. ఫీల్డింగ్ ఎలా పెట్టారో చూసి తర్వాతి బంతి ఎక్కడ పడుతుందో చెప్పగలిగిన మనిషి. అలాంటాయన, ప్రపంచ మేటి అథ్లెట్లు ఏటా పోటీపడే డైమండ్ లీగ్ ప్రసారం పెడితే పది నిమిషాలు కూడా కూర్చోలేకపోయారు. కారణం అడిగితే, "ఒకవైపు పరుగు, ఇంకోవైపు దూకుడు, మధ్యలో విసురుడు, ఎటు చూడాలో, ఎవరు గెలుస్తున్నారో తెలియడం లేదు" అన్నారు. ఆ మాట నాకు న్యాయంగానే తోచింది.

క్రీడాకారులకు శిక్షణ, పౌష్టికాహారం, మైదానాలు ఎలా సమకూర్చాలన్న చర్చ చాలాచోట్ల జరుగుతోంది. నేను అడుగుతున్నది చూసేవాడి గురించి. అప్పుడప్పుడు మాత్రమే ఆటలు చూసే మామూలు మనిషి ఒలింపిక్స్ లేని ఏడాదిలో కూడా ఒక పరుగు పందెం కోసం ఎదురుచూడాలంటే ఏం చేయాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం: పాత పీఈటీ, వరంగల్ జిల్లా

నేను ముప్పై ఒక్క సంవత్సరాలు ప్రభుత్వ పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశాను. మండల స్థాయి నుంచి జిల్లా స్థాయి వరకు ఎన్ని మీట్లు నడిపానో లెక్క లేదు. మీ బావగారి మాటను నేను మైదానంలో మరో రూపంలో ఏళ్ల తరబడి విన్నాను.

మన మీట్లలో తెల్లవారకముందే సున్నంతో లేన్లు గీస్తాం, ఇసుక గుంట తవ్వి చదును చేస్తాం, స్టాప్‌వాచీలు సరిచూసుకుంటాం. అంత శ్రమపడి మైకును మాత్రం అతిథుల పేర్లు చదవడానికి వదిలేస్తాం. పందెం మొదలయ్యేటప్పుడు ఏ లేన్లో ఎవరున్నారో గ్యాలరీలో కూర్చున్న తల్లిదండ్రులకు తెలియదు. తమ బిడ్డ పరుగు అయిపోగానే వాళ్లు లేచి బస్సు ఎక్కుతారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు, కూర్చోవడానికి మనం వాళ్లకు కారణం చూపలేదు.

ఒక ఏడాది మా పాఠశాల తెలుగు మాస్టారికి మైకు అప్పగించాను. ఆయన జాతరల్లో కబడ్డీ పోటీలకు వ్యాఖ్యానం చెప్పిన మనిషి. ప్రతి పందేనికి ముందు ఏ లేన్లో ఏ ఊరి పిల్ల ఉంది, పోయిన ఏడాది ఇదే పందెం ఎంత సమయంలో ముగిసింది, హీట్స్‌లో, అంటే తొలి వడపోత పరుగుల్లో, అందరికంటే ముందు వచ్చినది ఎవరు అన్న మూడు సంగతులు మాత్రం తప్పకుండా చెప్పమన్నాను. ఊరి పేరు వినపడగానే ఆ ఊరివాళ్లు లేచి నిలబడడం ఆ రోజే చూశాను. తమ పిల్లలు లేని పందెంలో కూడా పక్క మండలం పిల్ల గెలవకూడదని అరిచారు.

అదే మీట్‌లో లాంగ్‌జంప్ గుంట పక్కన ఒక చిన్న పని చేశాం. అప్పటివరకు అందరికంటే దూరం దూకిన చోటికి ఎదురుగా, గుంట గట్టు మీద ఒక కర్రకు ఎర్రగుడ్డ కట్టి పాతాం. ఎవరైనా దాన్ని దాటితే ఆ కర్రను పీకి ముందుకు జరిపేవాళ్లం. టేపు పట్టుకుని న్యాయనిర్ణేతలు కొలిచేలోపే, దూకిన పిల్ల మడమ గుర్తు కర్రకు ఇవతల పడిందా అవతల పడిందా అని చుట్టూ ఉన్నవాళ్లు ఇసుక వైపు వంగి చూసేవారు. అంతకుముందు ఏళ్లలో ఆ గుంట దగ్గర న్యాయనిర్ణేతలు, పోటీదారులు తప్ప ఎవరూ ఉండేవారు కాదు. ఆ రోజు చివరి దూకుడు అయ్యేదాకా నలభై యాభై మంది కదల్లేదు. టీవీలో జావెలిన్ మైదానం మీద గీత వేసి చూపిస్తారే, మా ఎర్రగుడ్డ చేసిన పని కూడా అదే.

మా ప్రాంతంలోని కల్లెడ గ్రామం నుంచి వెళ్లిన జీవాంజి దీప్తి 2024లో జపాన్‌లోని కోబేలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో 400 మీటర్ల టి20 విభాగాన్ని (మేధోపరమైన వైకల్యం ఉన్నవారిది) 55.07 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచింది, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం తెచ్చింది. ఆమె పరుగెత్తుతోందంటే ఇక్కడివాళ్లు టీవీ పెడతారు, ఎందుకంటే ఆమె ఎవరో వాళ్లకు తెలుసు. చూసేవాడికి ముందుగా కావలసినది ఆ పరిచయమేనని నా నమ్మకం.

సమాధానం: మూడో లేన్, లండన్

మాస్టారు చెప్పిన ఎర్రగుడ్డ గురించి చదువుతుంటే ఇక్కడ నేను చూసిన ఒక సాయంత్రం గుర్తొచ్చింది. ఉత్తర లండన్‌లోని పార్లమెంట్ హిల్ ట్రాక్ మీద ఏటా 10,000 మీటర్ల పరుగుల కోసమే ఒక మీట్ పెడతారు. ట్రాక్ చుట్టూ 25 సార్లు తిరిగే ఆ పందేన్ని విసుగు పుట్టించేది అంటారు కదా, అక్కడ మాత్రం లోపలి లేన్లలో పరుగు సాగుతుంటే బయటి లేన్లలో జనం నిలబడతారు. పరుగెత్తేవారి ఊపిరి, బూట్ల మేకులు ట్రాక్‌ను తాకే చప్పుడు చెవికి వినిపిస్తాయి. ఎనిమిదో రౌండులో ముఖాలు ఎలా ఉన్నాయో, ఇరవయ్యో రౌండుకు ఎలా మారాయో అడుగు దూరం నుంచి చూసినవాడికి ఆ పందెం ఎప్పటికీ విసుగనిపించదు. పెద్ద స్టేడియంలో ఎక్కడో పై వరుసలో కూర్చోబెట్టి, చీమల్లా కనబడే మనుషులను చూడమంటే ఎవరు చూస్తారు?

జ్యూరిక్‌లో ఇంకో అడుగు ముందుకు వేసి, నగరంలోని ప్రధాన రైల్వే స్టేషన్ లోపల షాట్‌పుట్, పోల్‌వాల్ట్ పోటీలు నిర్వహించారు. రైలు కోసం వచ్చినవాళ్లు సంచులు పట్టుకుని ఆగి చూశారు.

డబ్బు పోస్తే జనం వస్తారన్న ఆలోచన మీద మాత్రం నాకు నమ్మకం లేదు. పరుగు వీరుడు మైకేల్ జాన్సన్ 2025లో గ్రాండ్ స్లామ్ ట్రాక్ పేరుతో పోటీలు మొదలుపెట్టి, ఒక్కో మీట్‌లో ఒక్కో విభాగం విజేతకు లక్ష డాలర్లు ప్రకటించారు. నాలుగు మీట్లు అనుకుంటే కింగ్‌స్టన్, మయామి, ఫిలడెల్ఫియాల్లో మూడు జరిగాయి, లాస్ ఏంజెలెస్‌లో జరగవలసిన నాలుగోది రద్దయింది. బహుమతి సొమ్ము కోసం క్రీడాకారులు నెలల తరబడి ఎదురుచూడవలసి వచ్చింది. మామూలు ప్రేక్షకుడికి తికమక ఉండకూడదని అందులో దూకే, విసిరే పోటీలను పూర్తిగా తీసేశారు. అదే పద్ధతిని భారతదేశానికి తెస్తే నీరజ్‌ను కూడా పక్కన పెట్టవలసి వస్తుంది. మన దేశంలో ఈ ఆటను ఇంటింటికీ చేర్చిన పోటీయే ఉండదన్నమాట.

ఆ డబ్బు కంటే జమైకా పాఠశాలలే నాకు మంచి దారి చూపిస్తున్నాయి. అక్కడ 1910లో బాలుర పోటీలుగా మొదలై, ఇప్పుడు బాలబాలికలిద్దరికీ జరుగుతున్న పాఠశాలల ఛాంపియన్‌షిప్స్‌ను అందరూ ఛాంప్స్ అంటారు. పిల్లల పోటీలకే కింగ్‌స్టన్ జాతీయ స్టేడియం కిక్కిరిసిపోతుంది. వచ్చేవాళ్లలో చాలామంది తాము చదివిన బడి రంగులు వేసుకుని, ఆ బడి గెలవాలని వస్తారు. ఉసేన్ బోల్ట్ కూడా ఆ పోటీల్లో పరుగెత్తి పైకొచ్చినవాడే. మన గురుకులాలకు, జిల్లా పరిషత్ పాఠశాలలకు అలాంటి అభిమానులు ఉండకూడదా?

సమాధానం: స్కోరుబుక్కు, హైదరాబాద్

పై ఇద్దరూ మైదానం గురించి బాగా చెప్పారు. కాని మైదానానికి ఎన్నడూ రాని, ఫోన్లో మాత్రమే ఆటలు చూసే లక్షలమందికి ఎర్రగుడ్డ చేరదు. వాళ్లకు కావలసినది ఒక మీట్ నుంచి తర్వాతి మీట్ దాకా తెగిపోకుండా సాగే కథ అని నా అభిప్రాయం.

జ్యోతి యర్రాజి అంకెలనే చూడండి. 100 మీటర్ల హర్డిల్స్‌లో అనురాధా బిస్వాల్ 2002లో నెలకొల్పిన 13.38 సెకన్ల జాతీయ రికార్డు ఇరవై ఏళ్లు నిలిచింది. 2020లో మూడబిదిరిలో జరిగిన విశ్వవిద్యాలయాల పోటీల్లో జ్యోతి 13.03 సెకన్లలో పరుగెత్తినా, డోప్ పరీక్ష, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేకపోవడం వల్ల అది రికార్డుగా నమోదు కాలేదు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09 సెకన్లలో ముగించింది. అప్పుడు వెనుక నుంచి వీచిన గాలి సెకనుకు 2.1 మీటర్లు. నిబంధన అనుమతించేది 2.0 మాత్రమే కాబట్టి 0.1 తేడాతో ఆ రికార్డు కూడా పోయింది. మరుసటి నెల సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23 సెకన్లతో చివరికి రికార్డును తన పేరున రాసుకుంది, 2023లో దాన్ని 12.78కి తీసుకెళ్లింది. ఇంత ఉత్కంఠ ఉన్న కథను ఆ రెండేళ్లూ ఎవరైనా మన ఇళ్లకు వారం వారం అందించి ఉంటే, లిమసోల్ పందెం రోజున గాలి ఎంత వీచిందో తెలుసుకోవాలని విశాఖ అంతా ఎదురుచూసేది.

ఇవన్నీ సామాన్యుడికి అర్థం కాని సాంకేతిక విషయాలనేవారితో నేను ఏకీభవించను. వాన పడితే డక్‌వర్త్ లూయిస్ లెక్కలో లక్ష్యం ఎంత అవుతుందో టీకొట్టు దగ్గర చర్చించే జనం మనవాళ్లు. వాళ్లకు గాలి నిబంధన ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. గీత దాటితే నోబాల్ అని తెలిసినవాడికి లాంగ్‌జంప్ పలక దాటితే ఫౌల్ అని విడిగా నేర్పనక్కరలేదు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ప్రారంభ తుపాకీ పేలకముందే చైనా అమ్మాయి కదిలితే, జ్యోతిని కూడా పక్కకు తప్పుకోమన్నారు. ఆమె ఒప్పుకోకుండా అధికారులతో అక్కడే వాదించి, పరుగెత్తి మూడో స్థానంలో వచ్చి, చైనా అమ్మాయి అనర్హురాలు కావడంతో రజతం అందుకుంది. థర్డ్ అంపైర్ నిర్ణయం కోసం ఊపిరి బిగబట్టే ప్రేక్షకుడికి ఇంతకంటే ఏం కావాలి?

కబడ్డీ విషయంలో ఈ మార్పు మన కళ్లముందే జరిగింది. 2014లో ప్రో కబడ్డీ మొదలైనప్పుడు ఆట కొత్తది కాదు. కానీ 30 సెకన్ల గడియారాన్ని తెరమీద పెట్టారు, రెండు రైడ్లు ఖాళీగా పోతే మూడో దానిలో పాయింటు తేవాలి లేదా అవుటవ్వాలి అన్న నిబంధన పెట్టారు. దాంతో ఏ క్షణంలో ఊపిరి బిగబట్టాలో చూసేవాడికి తెలిసింది. అథ్లెటిక్స్‌కు కొత్త నిబంధనలు అక్కరలేదు, ఉన్నవాటినే తెలుగులో సమయానికి చెప్పే గొంతు కావాలి.

ఇంకొక్క మాట. మా హైదరాబాద్ మారథాన్‌లో వేలమంది డబ్బు కట్టి పరుగెత్తి, గచ్చిబౌలి స్టేడియంలో ముగిస్తారు. 2003 ఆఫ్రో ఏషియన్ క్రీడల్లో అంజూ బాబీ జార్జ్ లాంగ్‌జంప్ స్వర్ణం గెలిచినది ఇదే నగరంలో. 42 కిలోమీటర్లు పరుగెత్తిన మనిషికి పరుగంటే ఏమిటో ఒకరు చెప్పాలా? వాళ్లు పతకం మెడలో వేసుకుని, అరటిపండు తిని ఇంటికి వెళ్లిపోతారు. ఆ గంటలోనే అదే ట్రాక్ మీద గురుకుల పిల్లల 4x100 రిలే ఫైనల్, ఒక మంచి 1,500 మీటర్ల పందెం పెడితే సగం మందైనా ఆగి చూస్తారు.

సమాధానం: ఇద్దరు పిల్లల తల్లి, రాజమహేంద్రవరం

నాకు పరుగు, దూకుడు అర్థమవుతాయి కానీ హెప్టాథ్లాన్ పాయింట్లు మాత్రం తలకెక్కవు. తెలంగాణ అమ్మాయి నందిని అగసర గుమిలో 5,941 పాయింట్లతో స్వర్ణం గెలిచిందని విని సంతోషించాను. కానీ ఆ అంకె పెద్దదో చిన్నదో తెలియలేదు.

సమాధానం: స్కోరుబుక్కు

అమ్మా, హెప్టాథ్లాన్ అంటే రెండు రోజులు, ఏడు పోటీలు, అన్నింటి పాయింట్లూ కలుపుతారు. మీరు చివరిదైన 800 మీటర్ల నుంచి చూడడం మొదలుపెట్టండి. అప్పటికి ఎవరి కంటే ఎవరు ఎన్ని పాయింట్లు ముందున్నారో తేలిపోతుంది. ఆ పరుగులో ఒక సెకను అంటే సుమారు 14 పాయింట్లు. హాంగ్‌ఝౌలో నందిని 5,712 పాయింట్లతో కాంస్యం గెలిస్తే, నాలుగో స్థానంలో మన దేశానికే చెందిన స్వప్నా బర్మన్‌కు 5,708 వచ్చాయి. నాలుగు పాయింట్లంటే 800 మీటర్లలో సెకనులో మూడో వంతు కూడా కాదు. వ్యాఖ్యాత పందేనికి ముందే "ఈమె ఆమెకంటే ఇన్ని సెకన్లు ముందు రావాలి" అని చెబితే పదేళ్ల పిల్ల కూడా చూస్తుంది.

సమాధానం: బీచ్‌రోడ్ పరుగు

అందరికీ ధన్యవాదాలు. మాస్టారి ఎర్రగుడ్డ చదివాక నేనూ ఊరుకోలేకపోయాను. నిన్న సాయంత్రం మా అపార్ట్‌మెంటు కింద కార్లు ఆపే చోట సుద్దముక్కతో 8.5 మీటర్ల దూరంలో రెండు గీతలు గీశాను. మహిళల 100 మీటర్ల హర్డిల్స్‌లో రెండు హర్డిళ్ల మధ్య దూరం అంతే. ఒక్కో హర్డిల్ ఎత్తు 83.8 సెంటీమీటర్లు, అంటే మా భోజనాల బల్ల కంటే ఎక్కువ. ఒకటి దాటి దిగాక మూడే అడుగులు వేసి తర్వాతిది దాటాలి, అలా పది దాటాలి అని పిల్లలకు చెప్పాను. సెల్లార్‌లో కొలత తప్పకూడదని టేపు రెండుసార్లు పట్టాను.

2026 సెప్టెంబరులో జపాన్‌లోని ఐచి, నగోయాల్లో ఆసియా క్రీడలున్నాయి. అక్కడి సమయం మనకంటే మూడున్నర గంటలు ముందు కాబట్టి సాయంత్రపు ఫైనల్స్ మనకు మధ్యాహ్నం నుంచి వస్తాయి. ఏ రోజు ఏ పందెం, మనవాళ్లు ఎవరు, వాళ్ల అత్యుత్తమ సమయం ఎంత అని తెలుగులో రాసి లిఫ్టు పక్కన అతికించే బాధ్యత నేను తీసుకుంటున్నాను.

పిల్లలు గీతల మధ్య పరుగెత్తుతుండగా బావగారు మెట్లు దిగి వచ్చారు. కాసేపు నిలబడి చూసి, చెప్పులు విడిచి తానూ ప్రయత్నించారు. రెండో గీత చేరడానికి ఆయనకు ఆరు అడుగులు పట్టాయి. "ఆ అమ్మాయి మూడింటిలోనా?" అని అడిగి, మళ్లీ మొదటి గీత దగ్గరికి వెళ్లి నిలబడ్డారు.